కల్దారు రూపాయి - మన పెట్టెలలోని పాత నాణేలు

విడీ ఘర్కుల్‌లో చాలా ఇండ్ల ట్రంకు పెట్టెలలో, పట్టుచీర మడతల కింద, ఒక చిన్న గుడ్డమూట ఉంటుంది. విప్పితే రెండో మూడో విక్టోరియా రాణి రూపాయలు, ఒక జార్జి రాజు రూపాయి, అంచు పూరేకులవలె వంకులు తిరిగిన అణా ఒకటి, నడుమ బెజ్జమున్న చిల్లు కాణీ రెండు మూడు. దీపావళినాడు లక్ష్మీపూజకు ఆ మూట బయటికి వస్తుంది. చింతపండుతో తోమి, పసుపు కుంకుమ పెట్టి, హారతి ఇచ్చి, మరునాడు మళ్ళీ మడతల కిందికే పంపుతారు. రాణి ముఖానికి అరవై డెబ్బది ఏండ్ల కుంకుమ పట్టిన ఇండ్లు కూడా ఉన్నవి. ఆ నాణేలు ఇంటికి ఎట్లా వచ్చినవో అడిగేవారు మాత్రం తక్కువ. ఈ ఉగాది సంచికలో వాటిని గురించే నాలుగు మాటలు మనవి చేయదలచినాము.

ఇటీవల మన యువకులలో కొందరికి నాణేలు సేకరించే అభిరుచి పుట్టినది. ఆల్బములు కొంటున్నారు, భూతద్దాలు కొంటున్నారు, సంతోషమే. అయితే మూట విప్పగానే వారు వేసే మొదటి ప్రశ్న "దీని ధర ఎంత?" అన్నది. ధర సంగతి ముందు ముందు మేమూ చెప్పుతాము. దానికన్నా ముందు అడగవలసిన ప్రశ్న వేరొకటి ఉన్నది. మన తాతముత్తాతలు కరీంనగరం, వరంగల్లు, నల్లగొండ, మహబూబ్‌నగరం జిల్లాలనుంచి వచ్చినవారు గదా. అది నిజాం రాజ్యం. అక్కడ చెలామణి అయిన నాణెం నిజాముది. మరి తెలంగాణ సాలెవాని పెట్టెలోనికి ఇంగ్లండు రాణి ఎట్లా వచ్చి చేరినది?

నిజాం రాజ్యంలో నాణేన్ని 'హాలీ సిక్కా' అనేవారు. హాలీ అనగా ఇప్పుడు నడుస్తున్నది అని అర్థం. ఇరవయ్యవ శతాబ్దం ఆరంభంలో, మహబూబ్ అలీఖాన్ ఏలుబడిలో, ఆ రూపాయి మీద చార్మినారు బొమ్మ వచ్చినది. మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలంలో అదే 'ఉస్మానియా సిక్కా' అయినది. నిజాము సరిహద్దు దాటి షోలాపూరు జిల్లాలో అడుగుపెడితే, అది బొంబాయి రాజధానిలోని ఇంగ్లీషు ఇలాకా. ఇక్కడి నాణెం 'కల్దారు'. కల్ అంటే యంత్రం. పూర్వం సుత్తితో కొట్టి చేసిన దేశీయ రూపాయలకు భిన్నంగా, యంత్రం మీద అచ్చు పోసిన రూపాయి గనుక కల్దారు అన్నారు. తరువాత హైదరాబాదు రూపాయీ యంత్రం మీదనే తయారైనది గాని, పేరు మాత్రం ఇంగ్లీషు రూపాయికే నిలిచిపోయినది. మన ముసలమ్మలు కొందరు నేటికీ పాత వెండి రూపాయిని చూచి "కల్దారు బిళ్ళ" అంటారు.

ఈ రెండు రూపాయలు సమానం కావు. నూరు కల్దారు రూపాయలకు నూటపదహారు రూపాయల పదణాల ఎనిమిది పైసలు హాలీ వచ్చేవి. (ఇక్కడ పైస అంటే అణాలో పన్నెండవ వంతు, రూపాయికి 16 అణాలు, 192 పైలు.) చూడటానికి చిక్కులెక్కగా ఉన్నది గాని దాని లోపలి గుట్టు చాలా సులభం: ఆరు కల్దారులు ఏడు హాలీలు. చదువురాని నేతగానికి కూడా ఈ లెక్క నోటికి వచ్చేది. షోలాపూరులో ఆరు రూపాయలు మిగిల్చి ఊరికి తీసికొనిపోతే అక్కడ ఏడవుతవి. ఇక్కడ పన్నెండు దాచితే అక్కడ పదునాలుగు. నడుమ షరాబు పట్టుకొనే వట్టం పోగా కూడా కొంత మిగిలేది. మనవారు ఊరు విడిచి వచ్చుటకు కరువు కారణమని అంటారు, మిల్లు కారణమని అంటారు, రైలు కారణమని అంటారు. అన్నీ నిజమే. ఆరుకు ఏడు అన్న ఈ చిన్న లెక్కను కూడా ఆ కారణాల సరసన కూర్చోబెట్టవలెనని మా అభిప్రాయం.

కాలక్రమం ఒకసారి చూతము. 1835లో ఈస్టిండియా కంపెనీ తన ఏలుబడి అంతటికీ ఒకే రూపాయిని శాసనం ద్వారా ఏర్పరచినది. అంతకు మునుపు మద్రాసుకు ఒక తీరు, బొంబాయికి ఒక తీరు, బంగాళాకు ఒక తీరు నాణేలుండేవి. ఏకరూపంగా వచ్చిన ఆ రూపాయి తూకం 180 గ్రెయినులు, అనగా నేటి లెక్కలో 11.66 గ్రాములు. అందులో పన్నెండింట పదకొండు పాళ్ళు వెండి. ఆ తూకమే ఒక తులం. అందుచేతనే మన కంసాలులు రూపాయి బిళ్ళను తులపు గుండుగా తక్కెడలో వేసేవారు. "రూపాయెత్తు" అన్న మాట మన నాలుక మీద ఉన్నదంటే దానికి కారణం 1835 నాటి ఆ శాసనమే.

1860 ప్రాంతంలో బొంబాయినుంచి రైలు షోలాపూరుకు వచ్చినది. 1871లో రాయచూరు దాకా సాగినది. 1874లో వాడీనుంచి సికింద్రాబాదుకు నిజాం రైలు పడినది. అంతటితో తెలంగాణకూ షోలాపూరుకూ ఇనుప బాట కలిసినది. 1876-78 సంవత్సరాలలో దక్కను కరువు. ఆ మధ్యలోనే, 1877లో, షోలాపూరు మొదటి బట్టల మిల్లు నడక సాగించినది. 'జూనీ మిల్' అని మనవారందరికీ తెలిసినదే. అదే సంవత్సరం జనవరి ఒకటవ తేదీన ఢిల్లీ దర్బారులో విక్టోరియాను భారత చక్రవర్తినిగా ప్రకటించారు. దానిననుసరించి నాణెం మీద అంతవరకు 'క్వీన్' అని ఉన్నమాట తీసివేసి 'ఎంప్రెస్' అని వేయించారు. కనుక మీ పెట్టెలోని రూపాయి మీద 'క్వీన్' ఉంటే అది మిల్లు పుట్టకముందటిది. 'ఎంప్రెస్' ఉంటే మిల్లు కూత విన్న తరువాతిది. ఇంగ్లీషు రాకపోయినా ఆ రెండు మాటల పొడవు చూచి పోల్చుకోవచ్చును.

మిల్లులోనైనా, చేతిమగ్గం పెట్టించిన సావుకారు దగ్గరనైనా, ఆ తరువాత విడీ ఖార్ఖానాలోనైనా, మనవారి చేతికి వచ్చిన కూలి కల్దారు నాణేలలోనే. రూపాయి బిళ్ళ పేదవాని ఇంట ఎక్కువసేపు నిలిచేది కాదు. అది పావలాలు, బేడలు, అణాలు, కాణీలుగా చిట్లిపోయేది. ఇక్కడ ఒక విశేషం చెప్పకుండా ముందుకు సాగలేము. 1907 నుంచి వచ్చిన రాగి-నికెలు అణాను, అదే వంకుల అంచు అణాను, ఒకసారి బొరుసు వైపు తిప్పి వెలుతురులో పెట్టి చూడండి. ఇంగ్లీషు, పారసీ, నాగరి, బెంగాలీ లిపులతోపాటు తెలుగు అక్షరాలు కనిపిస్తవి! 1918లో వచ్చిన చతురస్రపు బేడ మీద, 1919లో వచ్చిన ఎనిమిది మూలల పావలా మీద కూడా తెలుగు ఉన్నది. కన్నడానికి లేదు, తమిళానికి లేదు, గుజరాతీకి లేదు, తెలుగుకు ఉన్నది. మరాఠీ నేల మీద, ఇంగ్లీషువాని రాజ్యంలో, ఊరూ పేరూ తెలియని పేటలో దిగిన మన సాలెవాడు చేతిలోని అణాను తిప్పి చూస్తే తన అక్షరం కనిపించేది. అతనికి చదువు వచ్చునా రాదా అన్నది వేరు మాట. గుండ్రని ఆ అక్షరం గుడిగోడ మీద చూచినదే గదా! 1950 తరువాత వచ్చిన మన గణతంత్ర నాణేల మీద హిందీ, ఇంగ్లీషు మాత్రమే నిలిచినవి. తెలుగు ఇప్పుడు నోటు మీది భాషల పట్టీలో ఒక వరుసగా ఉన్నది. నాణెం మీద లేదు. అందువలన ఆ అణా బిళ్ళ వెండిది కాకపోయినా, బజారులో దానికి పెద్ద ధర పలుకకపోయినా, తెలుగువారి సేకరణలో మొదటి గడిలో ఉండవలసిన నాణెం అదేనని మేము తలుస్తాము.

తెలుగు లిపి నాణెం ఎక్కడం అంతకుముందు లేదనుకోరాదు. 1807 ప్రాంతంలో మద్రాసు టంకశాలలో కంపెనీవారు అచ్చువేసిన వెండి అరవరహా మీద ఒకవైపు దేవాలయ గోపురం, మరొకవైపు విష్ణుమూర్తి; చుట్టూ ఇంగ్లీషు, పారసీ, తమిళం, తెలుగు. ఇంగ్లీషు వ్యాపారులు మన గోపురాన్ని నాణెం మీద చెక్కించుకొన్నది భక్తిచేత కాదు. దక్షిణాది జనం నమ్మి పుచ్చుకోవలెనంటే నాణెం ఇట్లా ఉండవలెనని వారికి తెలుసు. దానికి పూర్వం, 1794లోనే, ఉత్తర సర్కారుల కోసం రూపాయిలో నలబై ఎనిమిదవ వంతు రాగి నాణేలు ఇంగ్లండులోని బర్మింగ్‌హాంలో, బౌల్టను సోహో టంకశాలలో, ఆవిరి యంత్రాలమీద తయారైనవి. అట్లాగే మద్రాసుకు పంపిన పది, ఇరవై కాసుల రాగి నాణేలను మోసుకొని బయలుదేరిన 'అడ్మిరల్ గార్డ్‌నర్' అనే ఓడ 1809 జనవరిలో ఇంగ్లండు తీరాన గుడ్విన్ ఇసుకదిబ్బలలో మునిగిపోయినది. 1980లలో ఆ సరుకును పైకి తీశారు. మన దక్షిణాదిలో కూరగాయలు కొనడానికి పుట్టిన కాసులు నూటడెబ్బదిఐదేండ్లు ఇంగ్లీషు సముద్రం అడుగున ఉండి, ఇప్పుడు లండను దుకాణాలలో గాజుపెట్టెలలో అమ్ముడు పోతున్నవి. వాటి ఒంటిమీద చెలామణి అరుగుదల లేదు, ఉప్పునీటి మచ్చలున్నవి.

ఇక మన పెట్టెలోని వాటిని గుర్తుపట్టే తీరు. 1835 రూపాయి మీద నాలుగవ విలియం రాజు, తలమీద కిరీటం లేదు. 1840 రూపాయి మీద పడుచు విక్టోరియా, ఆమెకూ కిరీటం లేదు. ఈ 1840 రూపాయలు రెండు రకాలు. రాణి పేరు తలమీదుగా ఏకంగా తిరిగినది ఒకటి, తల దగ్గర రెండుగా విడిపోయినది మరొకటి. 1862 నుంచి కిరీటమూ జరీ అంగీ ధరించిన రాణి. ఇక్కడ ఒక చిక్కున్నది: 1862 అని ముద్రించిన రూపాయలన్నీ ఆ యేటివి కావు. 1874 వరకు అదే తేదీతో అచ్చు వేస్తూ పోయారు. ఏ యేటిదో తెలియడానికి సన్నని చుక్కలు పెట్టారు. ఆ చుక్కలు లెక్కపెట్టుటే కొందరికి జీవితకాలపు పని. ఏడవ ఎడ్వర్డు 1903 నుంచి 1910 వరకు. ఆయన రూపాయి మీద రాజు బోడితలతో ఉంటాడు, కిరీటాన్ని బొరుసు వైపు పెట్టారు. బొంబాయి టంకశాల నాణెమైతే సన్నని చుక్కో, ఇంగ్లీషు 'బి' అక్షరమో ఉంటుంది. కలకత్తాదైతే సాధారణంగా ఏ గుర్తూ ఉండదు.

1911 నాటి అయిదవ జార్జి రూపాయి కథ చాలామందికి తెలుసు. రాజు అంగీ మీది హారంలో ఏనుగు బొమ్మ చెక్కారు. తొండం పొట్టిదై, కాళ్ళు కురుచై, అది పందివలె అగుపించినది. ముస్లిములు అభ్యంతరం చెప్పారు. ప్రభుత్వం చాలావరకు వెనక్కు తెప్పించి కరిగించి, 1912లో ఏనుగును బాగుచేసి మళ్ళీ వేసినది. చేయి జారి మిగిలిన 'పంది రూపాయి'కి నేడు మంచి గిరాకి. దీనికి నేరుగా వ్యతిరేకం 1918. మొదటి ప్రపంచ యుద్ధంలో వెండి చాలక ఇంగ్లండు అమెరికాను అర్థించగా, అమెరికా పిట్‌మన్ చట్టం చేసి ఇరవై ఏడు కోట్ల వెండి డాలర్లను కరిగించినది. వాటిలో అధికభాగం ఇండియాకు వచ్చి రూపాయలైనవి. మీ ఇంట 1918 రూపాయి ఉంటే అందులో అమెరికా డాలరు వెండి ఉండుటకు అవకాశం బాగా ఉన్నది. కాని కోట్లకొలది అచ్చయినది గనుక ధర వెండి ధరను ఎంతో దాటదు. వయసు ఎక్కువైతే ధర ఎక్కువ అనుకొనేవారు ఈ సంగతి గమనించవలెను. 1939 రూపాయి 1862 దానికంటె చిన్నది, అయినా దానికంటె ఎన్నో రెట్లు అరుదు. అచ్చయినది చాలావరకు కరిగిపోయినది.

రెండవ యుద్ధం వెండికి మరణశాసనం వ్రాసినది. 1940లో రూపాయిలోని వెండిని సగానికి తగ్గించారు. (ఇంగ్లండు తన స్వంత షిల్లింగులకు ఈ పని 1920లోనే చేసినది.) సగం వెండి రూపాయి అంచు గీతల నడుమ ఒక గాడి ఉంటుంది, వేలిగోరు పెడితే తెలుస్తుంది. మేలు వెండి పాత రూపాయలను 1941-43 మధ్య వరుసగా, విక్టోరియావి మొదలుకొని, చెల్లవని ప్రకటించి వెనక్కు రమ్మన్నారు. బుద్ధిమంతులు తిరిగి ఇచ్చారు. మన ముత్తవ్వలు ఇవ్వలేదు! నోటు మీద వారికి నమ్మకం లేదు. మన పెట్టెలలో నేడు రాణి రూపాయి మిగిలినదంటే ఆ అపనమ్మకం పుణ్యమే. 1943లో రాగికి కూడా కరువు వచ్చి కాణీకి నడుమ బెజ్జం పెట్టారు. దానితో 'చిల్లు కాణీ' అన్న తిట్టుకు వస్తువు దొరికినది. పిల్లల మొలత్రాటికి అది సులువుగా ఎక్కినది కూడా. 1947 రూపాయి పూర్తిగా నికెలు, బొరుసున పెద్దపులి. అయస్కాంతం పెడితే అంటుకొంటుంది, వెండిది అంటుకోదు. హాలీ సిక్కా కూడా 1950లలో భారత రూపాయితో కొన్నాళ్ళు జంటగా నడిచి, తరువాత మూలపడినది. 1957 ఏప్రిల్ 1న నయా పైసలు వచ్చి అణాలను, బేడలను లెక్కల పుస్తకంనుంచి తీసివేసినవి. మాటలోనుంచి పావలాను మాత్రం తీసివేయలేకపోయినవి.

నాణేనికి తరగతి కట్టడం ఎట్లాగంటే, ఎత్తుగా ఉన్న భాగాలే ముందు అరుగుతవి. విక్టోరియాకు కిరీటపు ముత్యాలు, చెవి ముందరి జుట్టు, అంగీ మీది పూలపని చూడవలెను. ఎడ్వర్డుకు చెవి, కనుబొమ్మ. జార్జికి కిరీటమూ, హారంలోని ఏనుగూ. పూలపని గీతగీతా కనిపిస్తూ, పుట్టినప్పటి మెరుపు ఇంకా నిలిచి ఉంటే 'అన్‌సర్క్యులేటెడ్', అనగా చెలామణిలోకి పోనిది. కొనలు మాత్రం కొంచెం మొద్దుబారితే 'ఎక్స్‌ట్రీమ్లీ ఫైన్'. జుట్టు పాయలు ఒకటిలో ఒకటి కలిసిపోతూ ఉంటే 'వెరీ ఫైన్'. ముఖం, అక్షరాలు స్పష్టంగా ఉండి లోపలి పని పోతే 'ఫైన్'. ఆ కిందివి రాణి నీడలు. అమెరికాలో షెల్డన్ అనే ఆయన 1949లో ఒకటినుంచి డెబ్బది దాకా అంకెలు పెట్టాడు; నేడు కంపెనీలు ఆ అంకె వేసి, నాణేన్ని ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి ముద్రవేసి ఇస్తున్నవి. ఒకే సంవత్సరపు రూపాయి తరగతి మారితే ధర ఎన్నో రెట్లు మారుతుంది. ఈ తరగతులలో 'ఫైన్' అంటే బాగుందని కాదు, బాగా అరిగినదని. కొత్తవారు ఈ మాటకే మోసపోతారు.

ఈ కొలతతో కొలిస్తే విడీ ఘర్కుల్ నాణేలకు చాలావరకు పరీక్ష తప్పినట్లే. మేము చూచిన రూపాయలలో సగానికి పైగా మెడలో వేసికొనుటకు కొక్కెం అతికించినవి, లేదా అతికించి ఊడబీకినవి. కొన్నిటిమీద షరాబులు పరీక్షకు కొట్టిన చిన్న చిన్న ముద్రలు. కొన్ని రాళ్ళమీద ఖంగున మోగించి చూచుటచేత అంచు చితికినవి. వ్యాపారి వీటిని పక్కకు తోసి "వెండి ధరకు తీసికొంటాను" అంటాడు. ఆయన శాస్త్రప్రకారం ఆయన తప్పు లేదు. కాని మనకు వేరొక శాస్త్రం కావలెను. కొక్కెం ఉన్నదంటే ఒక నేతగాని భార్య కూలి రూపాయిని ఖర్చు కాకుండా ఆపి మెడలో కట్టుకొన్నదని అర్థం. బ్యాంకు లేని కాలానికి మెడే బ్యాంకు. ఊడబీకిన గుర్తు ఉన్నదంటే ఏదో ఒక సంవత్సరం, మిల్లు మూతబడిన నాడో, సమ్మె నాడో, ప్రసవం నాడో, దాన్ని తిరిగి రూపాయిగా మార్చవలసి వచ్చినదన్నమాట. షరాబు ముద్ర ఉన్నదంటే అది చేతులు మారి నమ్మకం సంపాదించినదని. బీరువాలో పుట్టి బీరువాలోనే పెరిగిన మెరుపు రూపాయికి డెబ్బది అంకె రావచ్చును గాక. మన వలస కథను గురించి అది చెప్పగలిగినది ఒక్క మాట కూడా లేదు.

అందుచేత కరిగించుటకు ముందు, అమ్ముటకు ముందు, పెద్దలను అడిగి వ్రాసి పెట్టుకోండి. ఎవరి మెడలోది, ఏ ఊరినుంచి, ఏ పెండ్లినాటిది, ఏ మగ్గం అమ్మినప్పుడు మిగిలినది. గోదూతాయి పరుళేకర్ పేర కుంభారి వద్ద పదివేల ఇండ్లు 2006లో విడీ కార్మిక స్త్రీలకు దక్కినవి. పాత పేటల అద్దె గదులనుంచి కొత్త ఇంటికి మారేటప్పుడు ఎన్ని మూటలు సరాఫు బజారుకు పోయినవో ఎవరు లెక్కపెట్టారు? ఇల్లు కట్టుకొనుటకు ముత్తవ్వ రూపాయలు అమ్ముట తప్పు కాదు. ఆమె దాచినది అటువంటి అక్కరకే. కాని అమ్మేముందు ఒక ఫోటో, ఒక చీటీ ఖర్చులేని పని.

పదిలపరచుట గురించి క్లుప్తంగా. చింతపండు, నిమ్మకాయ, విభూతి, పళ్ళపొడి, ఇవేవీ నాణేనికి తగలనీయవద్దు. వెండిమీద పట్టిన నల్లని పొర మురికి కాదు, నాణేనికి అది చర్మం. తోమితే తరగతి పడిపోతుంది, మళ్ళీ రాదు. పూజకు పెట్టదలచినవారు ఒక్క రూపాయిని దానికి విడిగా ఉంచుకొని మిగిలినవాటిని వదిలిపెట్టుట మేలు. ముట్టుకొనేటప్పుడు అంచులు పట్టుకోవలెను. నూలుపోగు దుమ్ము ఎగిరే మన ఇండ్లలో మూత ఉన్న డబ్బా అవసరం. మెత్తని చౌక ప్లాస్టిక్ సంచులు కొంతకాలానికి చెమర్చి నాణేనికి పచ్చని జిగురు పట్టిస్తవి. దళసరి అట్టలో కిటికీ పెట్టి కుట్టిన గూళ్ళు దొరుకుతవి, అవి మంచివి.

దొంగ సరుకు గురించి హెచ్చరిక అవసరం. ఒకవైపు రాముని పట్టాభిషేకమో ఆంజనేయుడో, రెండవవైపు 'ఈస్టిండియా కంపెనీ 1818, అర్ధణా' అని ఉన్న రాగి బిళ్ళలు సంతలలో అమ్ముతారు. కంపెనీ అటువంటి నాణెం ఎన్నడూ వేయలేదు. కంపెనీ అర్ధణా మీద ఉండేది సింహాలు పట్టుకొన్న డాలు గుర్తు. ఈ బిళ్ళలకు బియ్యం గింజలను లాగే శక్తి ఉన్నదని, విదేశీయులు కోట్లిచ్చి కొంటారని నమ్మించి 'రైస్ పుల్లింగ్' పేర ఉభయ తెలుగు రాష్ట్రాలలోనూ ఎందరినో ముంచారు. విడీలు చుట్టి కూడబెట్టిన సొమ్ము ఇటువంటివారి పాలు కానీయకండి. ఇక నిజమైన పాత నాణేల విషయంలో రెండు చట్టాలు గుర్తుంచుకోవలెను. నూరేండ్లు దాటిన వస్తువులను ప్రయివేటువారు విదేశాలకు పంపరాదని 1972 నాటి పురావస్తు చట్టం. పునాది త్రవ్వుతుండగా పది రూపాయల విలువ మించిన నిక్షేపం దొరికితే కలెక్టరుకు తెలియజేయవలెనని 1878 నాటి నిక్షేపాల చట్టం.

ప్రదర్శన ఏర్పాటు చేయదలచిన సంఘాలకు మా సూచన ఒకటి. లోకమంతటా నాణేలను రాజుల వరుసలో పెడతారు: విలియం, విక్టోరియా, ఎడ్వర్డు, జార్జి, మరొక జార్జి. మనకు ఆ వరుస అక్కరలేదు. ఇంటి వరుసలో పెట్టుదాము. ఒక్కొక్క ఇంటివారి మూట ఒక్కొక్క పళ్ళెం. ఇంటి పేరు ఇష్టమైతే వ్రాయవచ్చును, లేకుంటే వచ్చిన ఊరి పేరు చాలును. బొమ్మా బొరుసూ రెండూ కనబడేటట్లు కింద అద్దం ఉంచవలెను, లేకపోతే అణా మీది తెలుగు ఎవరికీ కనిపించదు. కొక్కెమున్నవాటిని దాచకుండా ముందు వరుసలో పెట్టవలెను. పిల్లలు చదువుటకు వీలుగా చీటీలు తెలుగులోనూ మరాఠీలోనూ వ్రాయవలెను. మన పిల్లలలో సగంమందికి ఇప్పుడు రెండవదే సులువు. గాజు పైన తాళం, పక్కన ఒక పెద్దమనిషి.

గుమ్మం దగ్గర మొదటి బల్లమీద మాత్రం ఒక చిన్న తక్కెడ పెట్టించండి. ఒక పళ్ళెంలో ఆరు కల్దారు రూపాయలు, రెండవ పళ్ళెంలో చార్మినారు బొమ్మ గల ఏడు హాలీ రూపాయలు.